పిలిచిన మనిషికే లైను

ఆర్మూర్‌లో ఇప్పుడు బస్టాండు నుంచి మార్కెట్ యార్డు దాకా ఎటు చూసినా ఎస్టీడీ బోర్డులే. ఒక్కో బూతులో ఒక్కో ఆడపిల్ల కూర్చుంటోంది. మొన్న మా మరిది కూతురికి కూడా అలాంటి బూతులోనే పని దొరికింది. వచ్చి నా పక్కన కూర్చుని, "పెద్దమ్మా, నువ్వు గన్నేండ్లు టెలిఫోన్ ఎక్స్చేంజిల జేసినవు గద, గీ పనికి ఏం గావాలె?" అని అడిగింది.

"ఓపిక గావాలె బిడ్డా. అది నాకెన్నడూ లేకుండె" అన్నాను.

నవ్వి వెళ్లిపోయింది. నేను నవ్వులాటకు అనలేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఏ సార్ ఏ ఆర్డరు ఇచ్చాడు అన్నవి రాయను. అవి నాకే గుర్తు లేవు. ఇద్దరి మధ్య కూర్చుని మాటలు కలిపే పనిలో ఉన్నవాళ్లు తెలుసుకోవలసింది ఒకటుంది. అది మాత్రం చెబుతాను.

నీ ఉప్పు వెయ్యకు

నేను చేరిన రోజుల్లో డయల్ తిప్పడాలు లేవు. నా ముందు ఒక పెద్ద బోర్డు, దాని నిండా రంధ్రాలు, చేతికందే దూరంలో తీగలు. ఊళ్లో ఎవరైనా ఫోను ఎత్తితే వాళ్ల నంబరు మీది చిన్న రేకు టప్పున కిందపడేది. నేను తీగ గుచ్చి "నంబర్ ప్లీజ్" అనాలి. పక్క ఊరికైనా, బొంబాయికైనా ట్రంకు కాల్ బుక్ చేసుకుని కూర్చోవాలి. మా నుంచి నిజామాబాద్, అక్కడి నుంచి హైదరాబాదో బొంబాయో. మధ్యలో ఎక్కడ గాలి వీచినా లైన్లో గరగరమని చప్పుడు.

అప్పుడు నాకు పని నేర్పినావిడ ఫాతిమా మేడం. పాన్ నములుతూనే నాలుగు లైన్లు నడిపేది. లైను సన్నగా ఉండి ఇటువాళ్ల మాట అటు వినబడకపోతే ఆపరేటరే మధ్యలో ఉండి మాటలు అందించాలి. మొదటి రోజే నాతో అంది: "జో బోలే వోఇచ్ బోల్. అప్నా నమక్ మత్ డాల్." వాళ్లేమన్నారో అదే చెప్పు, నీ ఉప్పు వెయ్యకు అని.

అది ఎంత కష్టమో చేరిన వారంలోనే తెలిసింది. బాల్కొండ వైపు రైతు ఒకాయన, బొంబాయి దగ్గర భివండీలో మగ్గం మీద పనిచేసే తమ్ముడితో మాట్లాడుతున్నాడు. ఒకరి మాట ఒకరికి వినబడటం లేదు. అన్న నా చెవులో అరిచాడు: "వాన్ని నా గడప తొక్కొద్దను మేడం!" కొత్తగా పెళ్లైన పిల్లను, ఇలాంటి మాటలు నా నోటితోనా? 'మీ అన్నకు కొంచెం కోపంగా ఉంది' అందామా అనుకున్నాను. పక్క కుర్చీ నుంచి ఫాతిమా మేడం కళ్లు ఉరిమి చూసింది. "మీ అన్న గడప తొక్కొద్దంటున్నడు" అన్నాను.

అటు నుంచి తమ్ముడు, "తొక్కనను. గని అవ్వకెట్లుందో చెప్పుమను" అన్నాడు. అదీ అందించాను. అన్న గొంతు సగానికి దిగింది. "జర నయమున్నది... వచ్చి సూసిపొమ్మను." నేను మధ్యలో మెత్తగా మార్చి ఉంటే తమ్ముడు ఆ ప్రశ్న అడిగేవాడే కాదు. తిట్టు తిట్టులా వెళ్లింది కనుకే రెండో మాట వెనక్కి వచ్చింది.

ఇంకొకటి కూడా అప్పుడే నేర్చుకున్నాను. లైన్లో మాటలు ఆగిపోతే బొంబాయి ఆపరేటరు మధ్యలోకి వచ్చి "బాత్ హో రహీ హై క్యా?" అని అడిగేవాడు, మాట్లాడుతున్నారా అని. ఎవరూ పలకకపోతే తీగ లాగేసేవాడు. వాళ్ల దగ్గర వందమంది కాచుకుని ఉంటారు, వాళ్లను అనడానికి లేదు. ఆ ప్రశ్నకు నేను ఎప్పుడూ ఉన్నదున్నట్టే జవాబు చెప్పేదాన్ని. మాటలు అయిపోతే అయిపోయాయనే అనేదాన్ని.

సేఠు చెవులు

పసుపు కాలం వస్తే పొద్దున్నే మార్కెట్ మొత్తం నా బోర్డు మీదే పడేది. మహారాష్ట్రలోని సాంగ్లీ పసుపు మార్కెట్‌లో ఏం ధర పలుకుతోందో తెలియాలి. కమీషను మీద సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణాల సేఠులు ట్రంకు కాల్ బుక్ చేసి మాట్లాడేవాళ్లు. దుకాణం ముందర రైతులు బస్తాల మీద కూర్చుని సేఠు ముఖం చూస్తుండేవాళ్లు. సేఠు ఫోను పెట్టేసి, తీరిగ్గా చాయ్ తాగి, "బజార్ నరమ్ ఉందటనే" అని ధర దిగినట్టు చెప్పేవాడట. నాకు ఒళ్లు మండిపోయేది. అక్కడ సాంగ్లీ వాడు చెప్పింది వేరు, ఇక్కడ చాయ్ అయ్యాక బయటికొచ్చింది వేరు. నేను నోరు విప్పడానికి లేదు. లైన్లో విన్నది లైన్లోనే వదలాలి, ఉద్యోగం అది.

రైతులు మాత్రం తెలివైనవాళ్లా? వాళ్ల మీదా నాకు కోపమే. ఎక్స్చేంజి గుమ్మంలోకి వచ్చి, "మేడం, సేఠుకు ఏం జెప్పిన్రు సాంగ్లోళ్లు?" అని గుసగుసగా అడిగేవాళ్లు. "నువ్వే కాల్ బుక్ జేసుకో, నువ్వే అడుగు" అంటే, "మాకేం దెలుస్తది మేడం, గదంత సేఠే సూస్తడు" అనేవాళ్లు. అడుగు అంటే అడగరు. సేఠు చెప్పింది నమ్మరు. నమ్మకుండానే అమ్మి, సరుకు పోయాక నెత్తి కొట్టుకుంటారు.

అంకాపూర్ లింగారెడ్డి ఒక్కడు వేరు. ఒకరోజు పంచె ఎగ్గట్టుకుని మా ఆఫీసు పబ్లిక్ ఫోను గదిలోకి వచ్చి, "సాంగ్లీ బుక్ జెయ్యి మేడం. సేఠు చెవులు నాకొద్దు, నా చెవులే గావాలె" అన్నాడు. వచ్చీరాని హిందీలో అరిచి, ధర తానే విని, రిసీవరు చెవి నుంచి తీసి వెంట వచ్చిన వాళ్ల చెవులకు ఒక్కొక్కరికి ఆనించాడు. గదిలో నలుగురు పట్టరు, ఎనిమిదిమంది దూరారు. నాకు నవ్వూ వచ్చింది, ప్రాణమూ లేచొచ్చింది. ఇంత చిన్న పనికి ఇన్నేళ్లు పట్టాలా?

మా సూపర్వైజర్ సారుతోనూ నాకు ఇదే లొల్లి. గాలివానకు తీగ తెగిపడితే, "లైను ఇప్పుడే వస్తది, కూసోమనుండ్రి. పబ్లిక్‌తోటి మెత్తగ ఉండాలమ్మా" అనేవాడు. జనం మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చుని నన్ను చూస్తుండేవాళ్లు. నేను వినేదాన్ని కాదు. "తీగ తెగింది. ఇయ్యాల రాదు. బాల్కొండ బస్సు నిలబడే ఉంది, ఎక్కిపో" అనేదాన్ని. నా మాట గరుకని పేరు పడింది. పడనీ. ఆ బస్సు ఎక్కినవాళ్లు చీకటి పడకముందే పని చూసుకుని వచ్చేవాళ్లు.

శుక్రవారాలు

ఎనభైల్లో మా చుట్టుపక్కల ఇంటికొకడు గల్ఫ్‌కు పోయినట్టే ఉండేది. అక్కడ శుక్రవారం సెలవు. ఫోన్లు ఆ రోజే వచ్చేవి. ఇళ్లలో ఫోన్లెక్కడివి? పసుపు అమ్మే రైతుల ఇళ్లకు తమ అడ్తి సేఠు దుకాణం ఫోనే దిక్కు. పొద్దుటి నుంచి అందరూ దుకాణం ముందు కూర్చునేవాళ్లు. కాల్ వస్తే ఇంటి పెద్దమనిషి గద్దె మీదికెక్కి మాట్లాడేవాడు. భార్య కింద నిలబడేది. సేఠు గద్దె మీద ఆడవాళ్లు కూర్చుని ఫోను మాట్లాడితే బాగుండదని వాళ్లకు వాళ్లే అనుకున్నారు. పెద్దాయన దిగివచ్చి "మంచిగనే ఉన్నడట" అంటాడు. అంతే. ఆమె అడగాలనుకున్నది అటు పోలేదు, అతను అన్నది ఇటు రాలేదు. రెండు కొసలూ వింటూ మధ్యలో కూర్చున్న నాకు పళ్లు కొరుక్కోవడమే పని.

అన్నిటికన్నా పాడు అలవాటు ఇంకొకటుండేది. ఇంట్లో చావు జరిగితే అక్కడున్నవాడికి చెప్పరు. "వచ్చినంక చెప్పుదం" అంటారు. ఊరంతా ఒకటై దాస్తుంది. దాన్ని ప్రేమ అనుకుంటారు. అక్కడున్నవాళ్లేమైనా పసిపిల్లలా? ఒక గదిలో పదిమంది మనవాళ్లే ఉంటారు, అందరికీ ఈ అలవాటు తెలుసు. అందుకని 'మంచిగున్నం' అన్న మాట వింటేనే వాళ్లకు గుండెలో రాయి పడేది.

మా పక్క ఊరు పెర్కిట్‌లో పోశెట్టికి కొద్దిగా పసుపు చేను, ఇంట్లో బీడీల పని. కొడుకు భూమన్న దుబాయిలో బిల్డింగుల మీద పని చేసేవాడు. కోడలు గంగామణి. పాప పుట్టిందని పోశెట్టి ఫోన్లో చెప్పినప్పుడు లైన్లో నేనున్నాను. భూమన్న అరుపుకు నా చెవులు గింగురుమన్నాయి. తర్వాత రెండు మూడు వారాలు పోశెట్టి మాటలు పొట్టివైపోయాయి. ఒక శుక్రవారం లైను మరీ సన్నగా ఉంది. నేనే అందిస్తున్నాను.

"నాయినా, గంగామణిని పిలువు" అన్నాడు భూమన్న.

"చేన్లకు పోయింది కొడుకా."

"‘చేన్లకు పోయింది’ అని మీ నాయిన అంటున్నడు" అన్నాను నేను.

"బాలింత చేన్లకు పోయిందా? పాపనన్న తోలుకరాపోయినవా, జర ఏడుపన్న ఇంటుంటి."

"పండుకుంది."

"పోయిన వారం గూడ పండుకుందన్నవు గదనే!"

పోశెట్టి ఫోను పెట్టేశాడు. నేను తీగ తీయబోతుంటే అటు నుంచి గొంతు వచ్చింది. "మేడం, ఉన్నరా? మీరు గా ఊరోళ్లే గద. నిజం జెప్పున్రి. నా పెండ్లాం బత్కున్నదా?"

'ఉంటుందిలే బాబూ, బెంగపెట్టుకోకు' అనడం ఎంతసేపు? ఫాతిమా మేడం ఉప్పు గుర్తొచ్చింది. "నాకు తెలియదు" అన్నాను. "మీ ఇంటోళ్లను నేను సూడలేదు."

"మా రూంల ఒకనికి గిట్లనే మంచిగున్నరు మంచిగున్నరు అన్నరు మేడం. బొంబాయిల దిగినంక తెలిసింది తండ్రి లేడని. నాకు గూడ గిట్లనే జేస్తున్నరు."

"వచ్చే శుక్రవారం పీపీ కాల్ చెయ్యి, గంగామణి పేరు మీద" అన్నాను. "గామెకు తప్ప ఎవ్వరికీ ఇయ్య."

ఇప్పటి పిల్లలకు పీపీ కాల్ తెలియదు. ఫలానా మనిషితోనే మాట్లాడాలని పేరు చెప్పి చేసే కాల్ అది. ఆ మనిషి వస్తేనే కలుపుతాం. నంబరు ముఖ్యం కాదు. ఆ మనిషి ఇంకో ఫోను దగ్గరుంటే లైను అక్కడికే పంపుతాం.

పార్టీ లేరు

మరుసటి శుక్రవారం దుబాయి నుంచి బొంబాయి మీదుగా పీపీ కాల్ వచ్చింది. సేఠు దుకాణానికి కలిపి గంగామణిని పిలవమన్నాను. ఫోనెత్తింది పోశెట్టి.

"నేను మాట్లాడ్త, ఇయ్యి మేడం."

"నువ్వు గంగామణివా?"

"గదేంది మేడం, దాని మామను గద!"

"పీపీ కాల్. పేరున్న మనిషికే ఇస్త."

"గామె రాదు మేడం. జర నా మాట ఇనున్రి..."

రూలు ప్రకారం బొంబాయికి నేను చెప్పవలసింది ఒక్కటే: పార్టీ లేరు, అంటే పిలిచిన మనిషి లేరని. చెప్పాను. బొంబాయి ఆపరేటరు తీగ తీసేలోపు భూమన్న గొంతు వినబడింది. "లేదా? అయిపాయె. వచ్చే శుక్రవారం గూడ లేకుంటె నేను ఈడ ఉండ. పాసుపోర్టు ఈడి మాలిక్ దగ్గరున్నా సరే, పని ఇడిసిపెట్టి ఉరుకుత. జైల్ల ఏస్తే ఏస్కోని." లైను తెగిపోయింది.

అక్కడ యజమానిని వదిలి పారిపోతే నిజంగానే జైలే. నా మీద నాకు రాలేదు గాని, ఆ పోశెట్టి మీద, సేఠు మీద, ఊరంతటి మీదా కోపం వచ్చింది. రూలు మంచిదే. కాని తనదాకా వచ్చిన మాటనే రూలు మోస్తుంది. రానిదాన్ని వెళ్లి తెచ్చుకోవాలి. డ్యూటీ దిగి పెర్కిట్‌కు నడిచాను. "గది మన పని గాదమ్మా" అన్నాడు సూపర్వైజర్ సారు. "అవును సార్, గాదు" అని వెళ్లిపోయాను.

గంగామణి ఇంట్లోనే ఉంది. తలకు గుడ్డ కట్టుకుని, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. బతికే ఉంది! గడపలో అలాగే నిలబడిపోయాను. ఇల్లంతా చూశాను. ఊయల లేదు. దండెం మీద పసిగుడ్డ ఒక్కటీ లేదు. అడగకుండానే అర్థమైంది.

"టెలిఫోన్ మేడమా?" అంది కంగారుగా. నేనెవరో తెలిశాక చాట పక్కన పెట్టి, "ఆయనకు నా మీద కోపమొచ్చినట్టుంది అక్కా. పాపను దక్కించుకోలేదని. పుట్టినంక నాలుగొద్దులు గూడ లేకపాయె. గప్పటిసంది ఫోనే చేస్తలేడట" అంది.

"ఎవరు చెప్పిన్రు?"

"మా మామ."

"వారం వారం చేస్తుండు చెల్లె. వారం వారం నిన్నే అడుగుతుండు. నువ్వు సచ్చిపోయినవనుకుంటుండు!"

ఆమె నోటి మీద చెయ్యి వేసుకుంది. అప్పుడే పోశెట్టి లోపలికొచ్చాడు. నేను తిట్టాల్సినవన్నీ తిట్టాను, ఇక్కడ రాయను. ఆయన గుంజకు ఆనుకుని, "వాడు గంతెత్తు బిల్డింగుల మీద కర్రల మీద నిలవడి పనిజేస్తడు మేడం. పాప పోయిందని తెలిస్తె మనసు ఆగమైతది. కాలు జారితె నేనేం జేతు? ఇద్దరు మాట్లాడితె దీనికి ఏడుపాగదు, తెలిసిపోతది. గందుకే దీనికి గట్ల జెప్పిన, వానికి గిట్ల జెప్పిన" అన్నాడు.

ఆయన కళ్లలో నీళ్లు. నా కోపం కాస్త తగ్గింది, పూర్తిగా కాదు. "ఇప్పుడు వాడి మనసు నిమ్మలంగ ఉన్నదనుకుంటున్నవా? పాప ఒక్కతే పోయింది. నువ్వు వానికి ఇద్దర్ని పోగొట్టినవు" అన్నాను. "శుక్రవారం సేఠు దుకాణం వద్దు. మా ఆఫీసు పబ్లిక్ ఫోనుకు తోలుకరా. లైను ఆడికే ఇస్త."

వస్తాడో రాడో అడగలేదు. వెళ్లిపోయాను.

బాత్ హో రహీ హై

శుక్రవారం బొంబాయి నుంచి పిలుపు వచ్చేసరికి ఫోను గది ఖాళీగా ఉంది. "పీపీ గంగామణి. పార్టీ హై క్యా?" అన్నాడు బొంబాయి ఆపరేటరు.

"ఒక్క నిమిషం" అన్నాను హిందీలో. ఇంకోసారి అడిగాడు. ఇంకో నిమిషమన్నాను. మూడోసారి విసుక్కుంటుండగా గుమ్మంలో పోశెట్టి, వెనక గంగామణి కనిపించారు. "నేను జెప్తె వాడు నమ్మడు మేడం. గామెనే జెప్పనియ్యి" అన్నాడు ఆయన. ఆమె గదిలోకి వెళ్లి రిసీవరును రెండు చేతులతో పట్టుకుంది. జీవితంలో మొదటిసారి పట్టుకుంటోంది. తీగ గుచ్చాను.

"ఎవరు?" అన్నాడు భూమన్న.

"నేను."

"నేనంటె ఎవరు?"

"గంగామణిని."

"మా నాయిన ఎవర్నన్న తెచ్చి మాట్లాడిపిస్తుండా?"

"నీ మొఖం జూడ! గొంతు గూడ మర్సినవా?" అని ఆమె ఒక్క కేక వేసింది. "పేన్ల దువ్వెన బ్యాగుల ఏస్తె, నాకెందుకని తీసి పారేసి పోయినవు. ఇప్పుడు నేనెవర్నని అడుగుతున్నవా?"

అటు నుంచి నవ్వో ఏడుపో తెలియని చప్పుడు. "నువ్వే. నువ్వున్నవు. ఉన్నవు గద!" అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడు. తర్వాత, "పాప?" అన్నాడు.

గంగామణి ఏదో అంది. లైను మళ్లీ గరగరలాడింది. "ఇనవడ్తలేదు! మేడం, ఏమంటుంది? జర మీరు చెప్పున్రి!" అన్నాడు భూమన్న.

మాటలు అందించడం నా పని. అన్నేళ్లూ అదే చేశాను. ఆ మాటను మాత్రం నేను మోయలేదు. ఫోను గది అద్దం మీద కొట్టి, "గట్టిగ, చెల్లె. నువ్వే చెప్పు" అన్నాను.

ఆమె నావైపు చూసింది. బల్ల మీద జనం ఉన్నారు, గుమ్మంలో మామ ఉన్నాడు. కళ్లు మూసుకుని అరిచింది. "పాప లేదు! పాప సచ్చిపోయింది! అచ్చం నీ ముక్కే ఉండె!"

పోశెట్టి గోడ వైపు తిరిగి కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. లైన్లో ఒక్క మాట లేదు. అటు ఒక ఊపిరి, ఇటు ఒక ఊపిరి. గదిలో గంగామణి రిసీవరును చెంపకు ఆనించుకుని నేల మీద కూర్చుండిపోయింది. పెట్టేయలేదు. అతనూ పెట్టేయలేదు.

చాలాసేపటికి టక్కుమని బొంబాయి లైన్లోకొచ్చాడు. "హలో ఆర్మూర్! బాత్ హో రహీ హై క్యా?"

"హో రహీ హై" అన్నాను. లైను తెంపొద్దన్నాను: "కాటో మత్."